అద్దం మీది తెల్ల పొర

నేను చదివింది తమిళ మీడియం, నాది ఇంటి తెలుగు. సముద్రపు చేపల తొట్టి గురించి అడిగారు కదా, చెబుతాను.

పచ్చ పాచికి వెలుతురు, మిగిలిన మేత కావాలి. లైటు రోజుకు ఎనిమిది గంటలు చాలు, మేత కొద్దిగానే వెయ్యండి. అయస్కాంతం బ్రష్షుతో రెండు రోజులకోసారి తుడవండి. దాని కింద ఇసుక రేణువు ఇరుక్కుంటే అద్దం గీరుకుపోతుంది. సబ్బు వద్దే వద్దు.

తెల్ల పొర కథ వేరు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. కాబట్టి తగ్గినంత మంచినీళ్లే పొయ్యాలి. మన చెట్టికరై బోరు నీళ్లు పోస్తే వాటిలోని సున్నం కూడా చేరుతుంది. ఆవిరి ఇంజను బాయిలర్లో ఇదే పొర కడితే బొగ్గు ఎక్కువ కాలేదని రైల్వేలో పెద్దవాళ్లు చెప్పేవారు. నేను ఆర్.ఓ. నీళ్లే పోస్తాను. నీటిమట్టానికి పైన కట్టిన పొరకు వెనిగర్ గుడ్డ పావుగంట అంటిస్తే మెత్తబడుతుంది.

ఒక ఇంట్లో చూశాను, చేపలకు ఆర్.ఓ., పిల్లలకు బోరు నీళ్లు! మనసు ఒప్పలేదు. సున్నం కంటికి కనిపిస్తుంది, ఫ్లోరైడ్ కనిపించదు, కాచినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన జిల్లాలో పళ్ల చారలు దానివే, వాటిని ఏ వెనిగరూ తియ్యదు. 2013లో ఒగేనక్కల్ కావేరి నీళ్ల పథకం వచ్చింది అందుకే. ఆ కుళాయి వదిలిన రోజు ముందు తాగే బిందెలు, వంట బిందెలు నింపండి. తొట్టి తర్వాత.