పాచికలు, ఉద్దులు

ఆట మొదలగుటకు ముందే తీరవలసిన తగవొకటి గలదు: ఎవరికెంత బలము? మన చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పిల్లలు దీనిని తీర్చుకొనుటకు మూడు మార్గముల నెఱుగుదురు.

మొదటిది గవ్వలది. వైకుంఠపాళిలో పండితుడైనను పసివాడైనను గవ్వలు చెప్పినంతయే కదలవలెను. రెండవది పులిజూదము. ఇందు 3 పులులు, 15 మేకలు. పులి దుమికి మేకను చంపగలదు. మేకలు గుమిగూడి పులిని కదలనీయకుండ కట్టగలవు. ఇచట అదృష్టమునకు తావు లేదు. ఒకరికి బలమును, మఱొకరికి సంఖ్యయు ముందే తూచి యిచ్చిరి. మూడవది ఉద్దులు. చెడుగుడు ఆడునపుడు సరిజోడైన ఇద్దఱు బాలురు దూరముగా పోయి, రహస్యముగా పేర్లు పెట్టుకొని, నాయకుల యొద్దకు వచ్చి "సూర్యుడు కావలెనా, చంద్రుడు కావలెనా?" అని యడుగుదురు. నాయకుడు కోరిన పేరుగలవాడు ఆ జట్టునకు చెందును. సమత్వము ముందు, అదృష్టము తరువాత.

ఈ మార్గములే ఒక క్రొత్త ఆటలో మరల కనబడినవి. 1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దఱు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను నాటను వెలువరించిరి. ఆడువారొక్కొక్కరు ఒక కల్పిత వీరుని పాత్ర ధరించి, నిర్వాహకుడు చెప్పు కథలో సంచరింతురు. వీరునికి బలము, చురుకుదనము, దేహదార్ఢ్యము, మేధ, వివేకము, ఆకర్షణ అను 6 గుణములు. మొదటి నియమము ప్రకారము ఒక్కొక్క గుణమునకు 3 పాచికలు వేసి కూడవలెను. అవి 216 విధముల పడగలవు. వానిలో 18 వచ్చునది ఒక్క విధముననే. 10 గాని 11 గాని వచ్చునవి 54. అనగా నాలుగింట ఒకమాఱు నడిమి మనుష్యుడే పుట్టును. తరువాత 4 పాచికలు వేసి తక్కువదానిని విడుచు పద్ధతి వచ్చినది. దానిచే సగటు 10½ నుండి సుమారు 12¼కు పెరుగును. 2014 నాటి నియమగ్రంథమున పాచికలు లేని పద్ధతులును గలవు. 15, 14, 13, 12, 10, 8 అను అంకములనే అందఱికి నిచ్చి, దేనిని ఏ గుణమునకు చేర్చవలెనో యెన్నుకొనుమనుట యొకటి. 27 అంకముల ధనమిచ్చి గుణములను కొనుక్కొనుమనుట మఱొకటి.

గత వేసవి సెలవులలో చిత్తూరులోని మా అక్కగారి యింట పిల్లలీ యాట నాడగా చూచితిని. మా మేనల్లునికి చిన్ననాటి జబ్బువలన ఒక కాలు కుంటు. మైదానమున వానికి ఉద్దిగా పోవువాడు లేడు. చెప్పులకు కావలియుండుటయే వాని పని. ఈ యాటలో మాత్రము వాని పాచికలును, పరుగున మొదటివాడైన వాని పెదనాన్న కొడుకు పాచికలును ఒక్కటే. వాడు వేసెను. బలమునకు 5 పడినది. 5 గాని అంతకు తక్కువ గాని వచ్చునవి 216లో 10 మాత్రమే! తిరుపతినుండి వచ్చిన ఆ యన్న జాలిపడి, "మరల వేయరా, ఈసారి నాలుగు పాచికలతో" అనెను. వాడు ఒప్పలేదు. "అన్నా, నాలుగని ముందే చెప్పియుండిన అందఱమును నాలుగే వేసియుందుము. పడిన పిదప నాకొక్కనికి మార్చవద్దు" అని, ఆ 5ను కాగితముపై వ్రాసికొని, మేధకు పడిన 14తో ఒక మాంత్రికుని కట్టుకొనెను.

ఏ పద్ధతి మేలని ఆడువారు వాదింతురు. పాచికలు అవకాశమును సమముగా పంచును గాని ఫలమును పంచవు. కొనుగోలు ఫలమును సమముగా పంచును గాని ఆశ్చర్యమును పోగొట్టును. రెంటను గుణదోషములున్నవి. కాని పాచిక నేలను తాకకముందే నియమము నిలిచి, అది అందఱికి నొక్కటియైనప్పుడే, తక్కువ పడినవాడును తలయెత్తికొని ఆడగలడు.

పుట్టుకలో మనకు పడిన పాచికలు మన సమ్మతి నడిగి పడలేదు. ఒకరికి పరుగు, ఒకరికి పాట, ఒకరికి గణితము వచ్చినది. దానిని మార్చ మన తరము కాదు. జట్లు కట్టుట మాత్రము మన చేతిలోనిదే. కావున బాలబాలికలారా, ఉద్దులు కట్టునపుడు ఒంటరిగా నిలిచినవాని వంక చూడుడు. చెప్పుల కావలి యప్పగించుటకు ముందు, వానికి సరియగు ఉద్దిని వెదకుడు.