నాడెల నౌకాదళం

నగరిలో నిలబడితే సముద్రం కనపడదు. సముద్రంలో నిలబడితే మాత్రం నగరి కొండ కనపడేదట. మా ఊరి పక్క కొండల్లో ముక్కులాగా పొడుచుకొచ్చిన శిఖరం ఒకటుంది, నగరి ముక్కు అంటారు. మద్రాసుకి వచ్చే ఓడలవాళ్ళు దాన్ని గుర్తుగా పెట్టుకునేవాళ్ళని బ్రిటిష్ కాలపు గెజిటీర్లు రాశాయి. మా ఊరికీ నౌకాయానానికీ నాకు తెలిసిన సంబంధం ఇంతే. అలాంటి ఊళ్ళో కూర్చుని, ఆఫీసు పని అయ్యాక, ఆర్నెల్లుగా క్రీస్తుపూర్వపు గ్రీకు నౌకాయుద్ధాలు ఆడటం నేర్చుకుంటున్నాను.

ఇది కంప్యూటర్ గేమ్ కాదు. మినియేచర్ వార్‌గేమ్ అంటారు. బొమ్మ ఓడల్ని బల్ల మీద పెట్టి, స్కేలుతో కొలిచి జరిపి, పాచికలేసి ఎవరు మునిగారో తేల్చే ఆట. పెద్దవాళ్ళు ఆడేదే. 1898లో ఫ్రెడ్ జేన్ అనే ఇంగ్లీషాయన ఆనాటి యుద్ధనౌకలతో ఇలాంటిదొకటి తయారుచేశాడు. హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల ఆట మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. నాకు దొరికిన రూల్‌బుక్ నలభై పేజీలు. బొమ్మ ఓడల్ని మాత్రం బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. ధర చూసి ఆగిపోయాను. అప్పుడు గుర్తొచ్చాయి, ఇంటి వెనక షెడ్డులో నాడెలు.

మరమగ్గం నాడె చూడనివాళ్ళ కోసం చెప్తాను. మూరెడుకు కొంచెం తక్కువ పొడవు, గట్టి చెక్క, మధ్యలో కండె పెట్టే గుంట, రెండు కొసలకీ ఇనుప మొనలు. పడుగు దారాల మధ్య నిమిషానికి వందసార్లకు పైగా అటూ ఇటూ ఉరికి పేక పోగు వదులుతుంది. ఫ్రెంచివాళ్ళు దీన్ని నావెత్ అంటారు, చిన్న ఓడ అని. జర్మన్లదీ అదే వరస. మా నాయన మగ్గాలు నాలుగింటినీ పాత ఇనుము కింద తూకానికి అమ్మేసి మూడేళ్ళయింది. నాడెలు మాత్రం ఇవ్వలేదు. ఎందుకని మేమూ అడగలేదు. మొత్తం ఇరవై రెండు.

బల్ల చాలదు కాబట్టి, మగ్గాలు లేచిపోయిన షెడ్డు నేల మీదే పరిచాను. సముద్రం లేనిచోట నౌకాదళం ఏమిటని నవ్వేవాళ్ళకి పొలీబియస్ చెప్పిన సంగతి ఒకటుంది. రోమన్లు కార్తేజ్ మీదికి తొలిసారి ఓడలు కడుతున్నప్పుడు, తెడ్లు లాగేవాళ్ళని ఒడ్డు మీదే బెంచీలేసి కూర్చోబెట్టి, మధ్యన ఒకణ్ణి నిలబెట్టి, ఉత్తి గాలిలో సాధన చేయించారట.

ఇక రూల్స్. ట్రైరీమ్ అనే ఓడకి ఆయుధం దాని ముక్కే. నీటిమట్టం దగ్గర కంచు తొడుగేసిన మొన ఉంటుంది, దాంతో అవతలి ఓడ పక్కటెముకల్లో పొడవాలి. 1980లో ఇజ్రాయెల్ తీరంలో అథ్లిత్ దగ్గర దొరికిన అలాంటి తొడుగు ఒక్కటే 465 కిలోలుంది. ఎదురెదురుగా గుద్దుకుంటే ఇద్దరికీ నష్టం. అందుకే శత్రువుల వరసలోని సందుల్లోంచి దూరిపోయి, గిరుక్కున తిరిగి, వెనకనుంచో పక్కనుంచో పొడవడం అసలు విద్య. ఆటలో ఇద్దరూ తమ ఓడల కదలికలు చీటీల మీద రాసుకుని ఒకేసారి విప్పాలి. రెండు ఓడలు ఒకే చోటికి వస్తే ఏది ముందు చేరినట్టు? మా వృత్తిలో దీన్ని రేస్ కండిషన్ అంటాం, రాత్రుళ్ళు నిద్ర లేకుండా చేసేది అదే. ఈ పుస్తకం దానికోసం మూడు పేజీలు ఖర్చుపెట్టింది. కెప్టెన్ నైపుణ్యానికి రెండు పేజీలు. తెడ్లు లాగేవాళ్ళకి నాలుగు లైన్లు. పూర్తి వేగంతో వెళ్తే ఒక అలసట పాయింటు, ఒక టర్న్ ఆగితే ఆ పాయింటు పోతుంది. అంతే. నేనూ దాన్ని చదివి దాటిపోయేవాణ్ణే.

ముప్పైయేళ్ళ మగ్గాల మోత తర్వాత నాయనకు ఎడమ చెవి దాదాపు వినపడదు. షెడ్డులోకి రావడం కూడా మానేశాడు. ఆరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇదేందిరా, కాలు పెట్టేదానికి లేకుండా పరిచినావు?"

చెప్పాను, కుడి చెవి వైపుకి పోయి, గట్టిగా.

"ఒక్కోదాంట్లో ఎంతమంది?"

"రెండొందలమంది నాయనా. అందులో నూటడెబ్బైమంది తెడ్లు లాగేవాళ్ళే. మూడు అంతస్తుల్లో."

"బానిసలా?"

మనందరికీ 'బెన్ హర్' సినిమా నేర్పిన చరిత్ర అది. ఏథెన్స్ ఓడల్లో ఎక్కువమంది బీదవాళ్ళే గానీ, కూలి తీసుకునే స్వతంత్రులు. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి వెళ్ళినప్పుడు మనిషికి దినానికి ఒక డ్రాక్మా. తర్వాత సగమే ఇచ్చారు. డబ్బు లేక కాదు, ఎక్కువిస్తే చెడిపోతారని ఇచ్చేవాళ్ళ వాదనగా తుసిడిడీస్ రాశాడు. ఇది విని నాయన చాలాసేపు నవ్వాడు.

"మన సేట్లు చెప్పే మాటే. ఆ మోతలో వాళ్ళకి కేక ఎట్ల వినపడేది?"

మంచి ప్రశ్న. 1987లో గ్రీసులో ట్రైరీమ్‌ని మళ్ళీ కట్టి, ఒలింపియాస్ అని పేరు పెట్టి, వలంటీర్లతో నడిపి చూసినప్పుడు ఎదురైన సమస్యల్లో ఇదొకటి. ఒక మనిషి కేక ఓడ మొత్తానికీ అందలేదు. ఆ రోజుల్లో లయ కోసం ఓడలో పిల్లనగ్రోవిలాంటిది ఊదేవాడు ఒకడుండేవాడు. "మేమైతే చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం" అన్నాడు నాయన. తర్వాత అలసట రూలు చదివించుకున్నాడు.

"ఒక రౌండు కూర్చుంటే అలుపు పోతాదా? ఎవడు రాసినాడు ఇది? ఎప్పుడన్నా రెండు షిఫ్టులు చేసినాడా?"

అప్పుడు మిటిలీనీ ఓడ కథ చెప్పాను. క్రీ.పూ. 427లో ఏథెన్స్ సభ, తిరగబడిన ఆ ఊళ్ళో మగవాళ్ళందర్నీ చంపమని ఓడ పంపింది. మర్నాడు మనసు మార్చుకుని, వద్దని చెప్పడానికి ఇంకో ఓడ పంపింది. మొదటిది ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. రెండో ఓడవాళ్ళు ద్రాక్షసారాయీ నూనే కలిపిన బార్లీపిండి తింటూనే తెడ్లు లాగారు, వంతులేసుకుని నిద్రపోయారు, ఆఖరి నిమిషంలో అందుకున్నారు. "వంతులేసుకుని" అన్నచోట నాయన తలూపాడు.

ఇలాంటి ఆట మన ఓడలకు ఎందుకు లేదని కొందరు మిత్రులు అడిగారు. 1025లో రాజేంద్ర చోళుడు శ్రీవిజయం మీదికి ఓడలు పంపాడు. గెలిచిన ఊళ్ళ పేర్లు తంజావూరు శాసనంలో వరసగా ఉన్నాయి. తెడ్డు పట్టుకున్నవాడు ఏం తిన్నాడో లేదు. గ్రీకులు ప్రతి ఒక్కడూ తన తెడ్డు, తన దిండు మోసుకుని నడిచి వెళ్ళాడని కూడా రాసుకున్నారు. రాజుగారి బిరుదులతో పాచికలాట తయారుచేయలేం.

ఇప్పుడు మా ఆటలో నాయన రూలు ఉంది. పూర్తి వేగంతో ఒకసారి పోతే వచ్చే అలుపులో సగం ఆ యుద్ధం అయ్యేదాకా దిగదు. ఈ ఒక్క మార్పుతో ఆటంతా మారిపోయింది. ఇంతకుముందు మూడో టర్న్‌కే గుద్దులాట మొదలయ్యేది. ఇప్పుడు ఎవరూ తొందరపడరు. క్రీ.పూ. 429లో ఫోర్మియో 20 ఓడలతో 47 ఓడల చుట్టూ తిరుగుతూ తెల్లవారి గాలి కోసం ఎందుకు ఆగాడో, చదివినప్పుడు కన్నా ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

మొన్న ఆదివారం ఆ యుద్ధమే వేశాం. నాడెలు చాలక నా వైపు ఖాళీ కండెలు కూడా పెట్టాను. ఆరో టర్న్ దాకా నాయన నిదానం వేగం దాటలేదు.

"ఏం నాయనా, రావా?"

"నీ వాళ్ళు అలిసిపోనీ" అన్నాడు, చీటీ మడిచి.