అప్పు గూడ రాయి సారూ

మా తాత చచ్చిపోయినప్పుడు మా నాయినకు దక్కింది అప్పు. అది ఎంతనో నాయినకు ఇప్పటికీ తెలవదు. పటేల్ ఇంట్ల ఒక కాగితం వున్నదని, దాని మీద తాత యేలిముద్ర వున్నదని చెప్పిండ్రట. ఆ కాగితం మా ఇంట్ల ఎవ్వరూ చూడలె. చూసినా చదివేటోళ్లు లేరు. తొమ్మిదేండ్ల నాయిన పశులకాడ జీతం వుండి పదేండ్లు చాకిరి చేసిండు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. అది తెలకపల్లిల మా గేరి దాకా నడిచొచ్చేసరికి నాయినకు మీసాలొచ్చినయి.

అందుకే నేను వీలునామా మాట ఎత్తంగనే నాయిన మొకం మాడ్చుకున్నడు. “కాగితం మీద యేలు పెట్టిచ్చుకుంటవా? నువ్వు గూడనా?”

నేను సర్కారు బడి పంతులును. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని. గేరిల ఎవరికి అర్జీ కావాల్నన్నా నేనే రాసిస్త. సొంతింటి కాగితం మాత్రం ఎన్నడూ ముట్టలేదు. నాయినకు గుండెనొప్పి వచ్చి దవాఖానల పడ్డ రాత్రి, మంచం పక్కన కూసున్న నాకు ఆయన ప్రాణం గురించే కాదు, ఎకరం ముప్పై గుంటల సర్కారు పట్టా గురించి గూడ రంది పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ నిజం.

ఆ చెలక చేసేది మా అక్క. బావ పోయినంక ఇద్దరు పిల్లలతోని తల్లిగారింటికే వచ్చింది. నేను హాస్టల్ల వుండి చదివిన ఏండ్లన్నీ అక్క వలసపోయి తట్టలు మోసింది. “ఆడివిల్లకు పెండ్లి చేస్తిమి, ఇంక భూమేంది” అని మా పాలోళ్లు అంటరు. నాయిన గూడ అదే అనేది. నేను పైకి ఏమనకపోయినా లోపల నా పేరు మీదనే అనుకున్న.

నాయినను బస్సెక్కించి నాగర్‌కర్నూల్ తీస్కపోయిన. వకీలు మనోడే. హాస్టల్ల నాకంటే రెండేండ్లు పెద్ద, అన్నా అని పిలుస్త. కుర్చీల కూసోమంటే నాయిన అంచుకు కూసున్నడు.

“ఏమేమున్నయో చెప్పు పెద్దనాయినా” అన్నడు అన్న. చెలక, రెండర్రల ఇల్లు, ఒక బర్రె. ఐదు నిమిషాలల్ల మా ఆస్తి అయిపోయింది.

“అప్పు గూడ రాయి సారూ. ఎరువుల దుకాణంల ఆరువేలు, మా మరదలికి నాలుగు.”

అప్పులు వీలునామాల రాయక్కర లేదని, అవి తీరినంక మిగిలిందే వారసులకు వస్తదని అన్న చెప్పిండు. నాయిన ఇనలె. “రాయకుంటే పెరుగుతది” అన్నడు. అన్న పెన్ను పక్కన పెట్టిండు. “తండ్రి అప్పుకు కొడుకు, వచ్చిన ఆస్తి మేరకే బాధ్యుడు. ఆస్తి లేకుంటే బాకీ లేదు. ఒంటితోని తీర్చుమని ఏ చట్టంల లేదు.”

నాయిన చానసేపు వూకున్నడు. “మరి నేను పదేండ్లు ఎందుకు జేసిన?”

అన్న గోడ దిక్కు చూసిండు. నేను నేల దిక్కు.

సర్కారు ఇచ్చిన భూమికి 1977 నాటి అసైన్డు భూముల చట్టం వుంది. అమ్మొద్దు, దానమియ్యొద్దు, కౌలుకియ్యొద్దు, బ్యాంకుల తప్ప కుదువ పెట్టొద్దు. పేదల భూమి పెద్దల పాలు కావద్దని పెట్టిన కట్టడి (చాన భూములు పోనే పోయినయి, అది వేరే కథ). అదే చట్టంల బదిలీ అంటే ఏందో చెప్పేకాడ, మరణశాసనం దాంట్లకు రాదని వుంది. ఆ లైను మీద అన్న వేలు పెట్టి చూపించిండు. నాయిన తన ఇష్టంతోని ఆ చెలకను ఒకరికి ఇయ్యగలిగే దారి అదొక్కటే.

“రాయకుంటే?” అడిగిన.

“1956 వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అక్క, నువ్వు, ముగ్గురికీ సమానం. కానీ ఆఫీసుల అందరూ సంతకం పెట్టాలె. నువ్వు రాకపోతే అక్క తిరుగుతనే వుంటది.”

హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందని 1951లో అంబేద్కర్ మంత్రి పదవి ఇడిసిపెట్టిన సంగతి ప్రతి ఏప్రిల్ 14కు మైకుల నేనే చెప్త. ఆ బిల్లు లోపటి ముక్కే ఈ చట్టం. అక్క కాడికొచ్చేసరికి నాకు మాట రాలె.

“వీలునామా రాసేది నాయిన, నువ్వు కాదు. బయట కూసో” అన్నడు అన్న.

అర్ధగంట బల్ల మీద కూసున్న. లోపలికి పిలిచేసరికి అయిపోయింది. చెలక అక్కకు. ఇల్లు అమ్మకు, అమ్మ తర్వాత నాకు. నాయిన నా మొకం చూడకుంట అన్నడు: “అది నీ సదువు కోసం తట్టలు మోసింది. నా లెక్కనే జీతం వున్నది. అది గూడ అప్పే, కాగితం లేదంతే.”

సాక్షులు ఇద్దరు కావాలె. వూరి పెద్దమనుషులను పిలుస్తమంటే నాయిన ఒప్పుకోలె. గేరిల కరెంటు పని చేసే పిల్లగాడు, ఆశా వర్కరు వచ్చిండ్రు. అన్న ఒక్కసారి చదివితే, నాయిన నాతోని ఇంకోసారి చదివిచ్చిండు. అప్పటిగ్గానీ యేలు పెట్టలె. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు, అయినా చేయించినం. ఆఫీసుల మిషన్ నాయిన యేలిని మూడుసార్లు పట్టలె. అరిగిపోయిందట.

ఇంటికొచ్చినంక అక్క ఆ కాగితాన్ని తొమ్మిదో తరగతి చదివే బిడ్డకిచ్చి చదువుమన్నది. పిల్ల సర్వే నంబరు కాడ తడబడి, మళ్ల ఎత్తుకొని, ఎరువుల దుకాణం బాకీ దాకా వచ్చింది.

“ఆగు” అన్నది అక్క. “అది నేను పోయిన నెలనే కట్టిన.”