అరువు తెచ్చుకున్న అరుగుదల

హవాయిలో మేకలు సుబాబుల్ ఆకు నిక్షేపంగా మేస్తాయి. కాగితం మిల్లుల కోసం ప్రకాశం జిల్లా రైతులు పెంచే చెట్టే అది. అదే ఆకు మేసిన ఆస్ట్రేలియా పశువులకు మాత్రం వెంట్రుకలు రాలాయి, థైరాయిడ్ గ్రంథి వాచింది. తేడా ఆకులో లేదు, పొట్టలో ఉందని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త పసిగట్టారు. 1980లలో ఆయన బృందం హవాయి మేకల పొట్టలోని బ్యాక్టీరియాను తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించింది. అవీ ఆకును అరిగించుకోసాగాయి. ఆ విషాన్ని విరిచే జీవికి 1992లో జోన్స్ పేరే కలిపి సినర్జిస్టిస్ జోన్సియై అని పేరు పెట్టారు. మేకకు ఏదైనా అరుగుతుందని అంటాం గానీ, ఆ ఘనతలో సగం దానిది కాదు.

మనిషి అరుగుదలా అరువు సొమ్మే. కాన్పులో తల్లి నుంచి, తర్వాత చనుబాల నుంచి, ఎత్తుకున్న చేతుల నుంచి బిడ్డ పేగుల్లోకి బ్యాక్టీరియా చేరుతుంది. జనరల్ బోగీలో సీటు లాంటిదే ఇదీ, ముందు ఎక్కినవారిదే చోటు. ఒడిశా పల్లెల్లో డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం దీన్నే పరీక్షించింది. ఆరోగ్యంగా పుట్టిన 4,556 మంది శిశువుల్లో సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి మేతగా ఒక రకం చక్కెరను కలిపి వారం రోజులు పట్టారు. మిగతావారికి ఉత్తుత్తి మందు. రెండు నెలల్లోపు సెప్సిస్‌కు గురైన లేదా మరణించిన శిశువులు ఉత్తుత్తి మందు తాగినవారిలో 9 శాతం, బ్యాక్టీరియా తాగినవారిలో 5.4 శాతం. ఫలితాలు 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. ఒక్కో బిడ్డకు మందు ఖర్చు దాదాపు ఒక డాలర్.

అలాగని కనిపించిన ప్రోబయాటిక్ పొడినల్లా పసివాళ్లకు పట్టడం ప్రమాదం. నెలలు నిండకుండా పుట్టిన ఓ శిశువు ప్రోబయాటిక్‌లోని బ్యాక్టీరియా రక్తంలో చేరి మరణించాక, 2023లో అమెరికా ఎఫ్‌డీఏ డాక్టర్లను హెచ్చరించింది. పేగు గోడ దాటనంత వరకే దాంతో స్నేహం.

ఇక కోళ్ల సంగతి. ఏ మందూ పనిచేయని రోగికి ఐసీయూలో ఆఖరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను, త్వరగా బరువెక్కుతాయని కోళ్ల దాణాలో కలిపేవారు. మామూలుగా పేగుల్లో బుద్ధిగా ఉండే ఈ.కొలైకి ఈ మందును తట్టుకునే జన్యువు అబ్బిందని 2015లో చైనాలో బయటపడింది. పందుల్లో, మాంసంలో, రోగుల్లోనూ అది దొరికింది. ఎంసీఆర్-1 అనే ఆ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దూకగలదు. కేంద్రం 2019 జులైలో పశువులకు, కోళ్లకు, చేపల చెరువులకు కొలిస్టిన్‌ను నిషేధించింది. గుడ్లలోనూ రొయ్యల్లోనూ ముందుండే ఆంధ్రప్రదేశ్‌కు ఇది దూరపు వార్తేమీ కాదు.

ఆ ఉత్తర్వు ఒక్క మందుకే. పిల్లాడికి విరేచనాలు పట్టుకోగానే మెడికల్ షాపులో రెండు యాంటీబయాటిక్ మాత్రలు అడిగి తెచ్చే అలవాటుకు ఏ ఉత్తర్వూ అడ్డురావడం లేదు. పసిపిల్లల విరేచనాలకు తరచూ కారణమయ్యే రోటా వైరస్‌ను ఆ మాత్ర ముట్టుకోనైనా ముట్టుకోదు.