నల్ల ముక్క

మైపాడు దగ్గర మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. నాయన అక్కడికి పాత మారుతి 800లో పోతాడు. 796 సీసీ, కార్బ్యురేటర్ బండి. వేసవి సెలవుల్లో దాని పికప్ పెంచుదామని ఆన్‌లైన్‌లో మందపాటి అల్యూమినియం స్పేసర్ తెప్పించా. కార్బ్యురేటర్‌కీ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కీ మధ్య ఉండే నల్ల బేకలైట్ ముక్క తీసేసి, దీన్ని బిగించా. నాయన చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుంటల దగ్గర బండి ఆపి, మళ్లీ కీ తిప్పితే స్టార్ట్ కాలేదు. రొయ్యలకి మేత తేవాలి, ఎండ మండిపోతోంది. నాయన తువ్వాలు తడిపి కార్బ్యురేటర్ మీద వేశాడు. కాసేపటికి ఇంజన్ అందుకుంది.

"వేడికి లోపల పెట్రోల్ ఆవిరైపోతోంది రా. నువ్వు పీకేసిన ముక్క ఆ వేడిని పైకి రానిచ్చేది కాదు."

బేకలైట్‌లో వేడి తొందరగా పాకదు, అల్యూమినియంలో పాకుతుంది. స్కూల్లో ఇంగ్లీషులో బట్టీ పట్టిందే!

"ముందే చెప్పొచ్చు కదా నాయనా?"

"నువ్వు బండి మీద చెయ్యి వేసింది అదే మొదటిసారి. వద్దంటే మళ్లీ వెయ్యవేమోనని."

సాయంత్రం డ్యాష్‌బోర్డ్ అరలోంచి ఆ నల్ల ముక్క తీసిచ్చాడు. కొత్త ప్యాకింగులు వేసి నేనే బిగించా. ఇప్పుడు కోడ్‌లో అర్థంకాని లైన్ కనిపిస్తే వెంటనే డిలీట్ చేయను. అదెందుకుందో ముందు అడుగుతా.