పాతిక అంటే ఎంత?

మాట్లాడితే పనిచేసే వెబ్ యాప్ చేయడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదు. 2022లో వచ్చిన విస్పర్, ఫోన్లో కూడా నడిచేంత చిన్నదైన వోస్క్... రెండూ ఓపెన్ సోర్సే, రెండింటికీ తెలుగు వచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. లోకల్‌హోస్ట్‌లో మైక్ పనిచేస్తుంది కానీ, సర్వర్‌లో పెట్టాక హెచ్‌టీటీపీఎస్ లేకపోతే బ్రౌజర్ మైక్ ఇవ్వదు.

అసలు పని టెస్టింగ్‌లోనే ఉంది. ఇంటి ఖర్చులు చెబితే రాసుకునే యాప్ ఒకటి చేస్తున్నా. నేను 'ట్వంటీ ఫైవ్' అంటాను. అమ్మ 'ఇరవై ఐదు' అంటుంది. నానమ్మ 'పాతిక' అంటుంది. డబ్బు ఒకటే, మాటలు మూడు! అందుకే ముగ్గురి గొంతులూ రికార్డ్ చేశా, ఫ్యాన్ తిరుగుతుండగా, కుక్కర్ విజిల్ వేస్తుండగా. టెస్టింగ్‌లో క్రోమ్‌కి మైక్ బదులు ఆడియో ఫైల్ వినిపించొచ్చు. కాబట్టి కోడ్ మార్చిన ప్రతిసారీ నానమ్మని పిలవక్కర్లేదు. యాప్ ఏ మాట రాసిందని కాదు, లెక్కలో 25 పడిందా లేదా అన్నదే చూస్తా.

మనం ఎలాగూ టైప్ చేసుకోగలం. మైక్ అవసరం నానమ్మలాంటి వాళ్లకే. నా గొంతుకి పాసై, ఆమె గొంతుకి ఫెయిలైతే ఆ యాప్ ఫెయిలైనట్టే. మీరూ వాయిస్ యాప్ చేస్తుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పది వాక్యాలు రికార్డ్ చేసుకోండి. మొదటి టెస్ట్ అదే.