గవాచి తెరచినది ఎవరు?

ప్రియ చదువరీ, మీ ఇంటికి గవాచి ఉన్నదా? మీరు కోస్తా జిల్లాలవారైతే ఆ మాటయే వినియుండరు. మా కోవెలకుంట్ల ప్రాంతము 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. ఇక్కడి పాత ఇండ్లు మట్టిమిద్దెలు. దూలములమీద నాపరాళ్లు పరచి, వాటిమీద మట్టి వేసి, అన్నిటికి పైన చౌడు పోయుదురు. చౌడు తడిసినచో బిగిసికొని నీటిని క్రిందికి దిగనియ్యదు. వెలుతురు వచ్చుటకును పొగ పోవుటకును మిద్దె నడుమ విడిచిన కంతయే గవాచి. వాన వచ్చునప్పుడు దానిమీదికి ఒక బండను జరుపుదుము. కపెర్నహూములో నలుగురు ఇంటి కప్పు విప్పి రోగిని దింపిన సంగతిని పట్టణపు బోధకులు ఎంతో శ్రమపడి వివరింతురు. మా సండేస్కూలు పిల్లలైతే ఆ మాట చెప్పగానే తలలెత్తి పైకి చూతురు.

గత జూలైలో ఒక శనివారమునాటి సంగతి చెప్పుదును. విత్తనము వేసి మూడు వారములైనను చినుకు లేదు. కర్నూలు, కడప జిల్లాలలో ఏడాది పొడుగునా పడు వాన సుమారు 700 మిల్లీమీటర్లే. సుంకేసుల నుండి కడప వరకు కాలువ పారుచున్నను మా మెట్టచేలకు ఆ నీరు ఎక్కదు. 1876-78 నాటి ధాత కరువును గూర్చి మా పెద్దలు చెప్పుకొనుచుండిరి. ఆకాశము ఎఱ్ఱగా నున్నప్పుడెల్ల ఆ మాటలు జ్ఞాపకమునకు వచ్చును. ముందటి ఆదివారము సంఘమంతయు ఉపవాసముండి వానకొరకు ప్రార్థించితిమి. ఆ ప్రార్థన నడిపించినవాడను నేనే.

ఆ శనివారము తెల్లవారి కోడలు రొట్టె తట్టుచున్న చప్పుడునకు మేల్కొంటిని. దానికి మించిన సుప్రభాతము నాకు తెలియదు. వేడి జొన్నరొట్టె, బుడ్డల ఊరిబిండి, వెన్నముద్ద. తిని, చేయి కడుగుకొని వాక్యము చదువుదమని కూర్చుంటిని, కండ్లద్దములు లేవు. దిండు క్రింద, బైబిలు క్రింద, చొక్కా జేబులో, తుదకు ధాన్యపు గంపలోను వెదకితిమి. “ముక్కుమీద చూసుకున్నారా?” అని మా ఇంటావిడ నవ్వెను. నాకు నవ్వు రాలేదు. తొమ్మిదేండ్ల మనుమడు మంచము క్రింద దూరి దుమ్ముకొట్టుకొని వచ్చెను.

మధ్యాహ్నము మిషను నుండి పదిహేను దినములకు సరిపడు జొన్నపిండి వచ్చెను. కొత్తగా విసరిన పిండి వేడిగా నుండును గనుక నడుమింట గుడ్డ పరచి ఆరబోసిరి. మూడు గంటలకు పడమట మబ్బు లేచెను. చూచుచుండగానే వాన! అందరము వీధిలోనికి పరుగెత్తితిమి. పిల్లలు తడియుచు కేకలు వేసిరి. నేనును చేతులు చాచి నిలిచితిని. ఆ సంతోషములో ఇల్లు ఎవరికి జ్ఞాపకమున్నది?

లోనికి వచ్చి చూతునుగదా, తెరచియున్న గవాచిలోనుండి నీరు ధారగా పిండిమీద పడుచున్నది.

“బండ తీసిందెవరు? మిద్దెక్కేది నువ్వు గాక ఇంకెవరు రా?” అని మనుమని చెంపమీద ఒకటి కొట్టితిని. అవును చదువరీ, ఆరు దినములు అడిగి పొందిన వానలో నిలిచి కొట్టితిని.

వాడు ఏడ్వలేదు. నిచ్చెన ఎక్కి, బండ జరిపి, నీరు కారుచు దిగివచ్చి పిడికిలి విప్పెను. నా కండ్లద్దములు.

“బండ పక్కనే ఉండె తాతా,” అనెను. అంతే.

అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. గ్యాసు అయిపోయి కోడలు కట్టెల పొయ్యి వెలిగించగా, పొగకు ఆమె కండ్లు తుడుచుకొనుచుండెను. నేనే మిద్దెక్కి బండ తీసితిని. ఏలీయా సేవకునివలె మబ్బు ఉన్నదేమోయని నలుదిక్కుల చూచి, చెమట తుడుచుకొనుటకు అద్దములు తీసి అక్కడ పెట్టితిని.

రాత్రి కుటుంబ ప్రార్థనకు అందరు కూర్చుండిరి. వానకొరకు స్తోత్రము చెల్లింపవలెను, నోరు రాలేదు. బలిపీఠమునొద్ద కానుకను విడిచి సహోదరుని యొద్దకు వెళ్లవలసిన మనుష్యుని గూర్చి నేనెన్ని ప్రసంగములు చేసితినో! ఆ సహోదరుడు తొమ్మిదేండ్లవాడై యుండునని ఎన్నడును తోచలేదు. మా వైపు పెద్దలు పిల్లలను క్షమాపణ అడుగు వాడుక లేదు. అడిగితిని.

వాడు సిగ్గుపడి నా వైపు చూడక, “అవ్వా, ఆ పిండి పారేస్తావా?” అనెను.

“పారేసేదెందుకు నాయనా? పైన మట్టి పడింది తీసేసి, అడుగుది అంబలి కాస్తా,” అనెను ఆమె.

ఆ రాత్రి ప్రార్థన చాల చిన్నదాయెను. మూలనొకచోట మిద్దె ఉరియుచుండగా కోడలు గిన్నె పెట్టెను. ప్రార్థన ముగియువరకు ఆ గిన్నెలో చినుకులు పడుచునే యుండెను.